ఇంప్లాంట్లు ఉన్నాయని మామోగ్రామ్ మానకండి, ముందే చెప్పి చేయించుకోండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ వయసు 43. 11 ఏళ్ల కిందట రెండు రొమ్ముల్లోనూ సిలికాన్ ఇంప్లాంట్లు, అంటే లోపల అమర్చే సిలికాన్ సంచులు, పెట్టించుకున్నారు. మొన్న సంక్రాంతి వెళ్లాక మీ పిన్నిగారికి 58వ ఏట రొమ్ము క్యాన్సర్ అని తేలింది. గుబులు పుట్టి ఇంటి దగ్గరే, కూకట్‌పల్లిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, కోసం వెళ్తే, "ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి మామోగ్రామ్ చేయం మేడం, మెషీన్ నొక్కితే పగిలిపోతాయి, స్కానింగ్ చాలు" అన్నారు. స్కానింగ్, అంటే అల్ట్రాసౌండ్, చేశారు, ఏమీ లేదన్నారు. అయినా మీ మనసు కుదుటపడలేదు. అది సరిపోతుందా, ఏడాదికోసారి ఎమ్మారై తీయించుకోవాలా, అసలు ఇంప్లాంట్లే తీయించేసుకుంటే ఈ గొడవ వదులుతుందా అని అడిగారు. చివర్లో ఒక్క మాట రాశారు, అత్తగారింట్లో ఈ ఆపరేషన్ సంగతి ఎవరికీ తెలియదని. దానికీ జవాబు చెప్తాను. పరీక్ష దాకా రాకుండానే చాలామంది ఆగిపోయేది అక్కడే.

నేను డాక్టర్ని కాను. 22 ఏళ్లుగా హైదరాబాద్‌లో మామోగ్రఫీ గదిలో పని చేస్తున్న టెక్నాలజిస్టుని. రిపోర్టు రాసేది రేడియాలజిస్టులు. ఫొటో తీసేది మేము. మామూలు రొమ్ముకి కాస్త అటూ ఇటూ అయినా ఫొటో నడిచిపోతుంది. ఇంప్లాంట్ ఉన్న రొమ్ములో మాత్రం ఏది కనబడాలో, ఏది దాగిపోవాలో చాలావరకు తీసేవాళ్ల చేతుల మీదే ఉంటుంది. అందుకే ఈ విషయం గురించి మాట్లాడే అర్హత నాకుందనుకుంటున్నాను. మీ ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయాలు మాత్రం మీ డాక్టర్‌తో కూర్చుని తీసుకోండి.

ముందు సూటిగా చెప్తాను. స్కానింగ్ ఒక్కటే చాలదు. మీకు మామోగ్రామ్ చేయవచ్చు, చేయాలి. చేయడం చేతనైన చోటికి వెళ్లాలి, అంతే. ఆ సెంటర్‌వాళ్లు "మాకు ఆ పద్ధతి రాదు, వచ్చిన చోటికి వెళ్లండి" అని ఉంటే నేను వాళ్లని మెచ్చుకునేదాన్ని. "స్కానింగ్ చాలు" అన్నారు చూడండి, నాకు బాధ కలిగించింది ఆ మాట.

సంగతేమిటంటే, సిలికాన్ గుండా ఎక్స్‌రే సరిగ్గా దాటిపోదు. మామోగ్రామ్ ఫొటోలో ఇంప్లాంట్ ఒక తెల్లటి కోడిగుడ్డులా కనిపిస్తుంది. సెలైన్, అంటే ఉప్పునీటి ఇంప్లాంట్ కాస్త పలచగా పడుతుంది గానీ అదీ అడ్డమే. రొమ్ము కండ ఆ గుడ్డుకి ముందూ వెనకా పైనా కిందా పరుచుకుని ఉంటుంది. గుడ్డు నీడలో పడిన భాగం మనకి కనపడదు. క్యాన్సర్ కూడా ఫొటోలో తెల్లగానే ఉంటుంది కదా, తెలుపులో తెలుపు కలిసిపోతుంది. 2004లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక పెద్ద అధ్యయనం అచ్చయింది. ఏ లక్షణమూ లేకుండా స్క్రీనింగ్‌కి వచ్చినవాళ్లని చూస్తే, ఇంప్లాంట్లు లేని స్త్రీలలో మామోగ్రామ్ దాదాపు 67 శాతం క్యాన్సర్లను పట్టుకుంటే, ఇంప్లాంట్లు ఉన్నవాళ్లలో 45 శాతమే పట్టుకుంది. ఈ అంకె చూసి కంగారు పడకండి. అదే అధ్యయనంలో, క్యాన్సర్ బయటపడే నాటికి దాని సైజు, దశ రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయని కూడా తేలింది. ఇంప్లాంట్ వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం పెరగదన్నది కూడా ఎన్నో ఏళ్ల అధ్యయనాల్లో కనబడిన విషయమే. కాబట్టి ఇక్కడ ఇబ్బంది ఒక్కటే, కనబడటం.

ఆ ఇబ్బందికి 1988లోనే ఒక దారి దొరికింది. ఎక్లండ్ అనే అమెరికన్ రేడియాలజిస్టు, ఇంప్లాంట్‌ని ఛాతీ గోడ వైపు వెనక్కి తోసి, దాని ముందున్న రొమ్ము కండని మాత్రమే ముందుకి లాగి ఫొటో తీసే పద్ధతి రాశారు. ప్రపంచమంతా ఇప్పటికీ అదే చేస్తోంది. మా గదిలో "ఎక్లండ్ వ్యూస్" అంటాం, ప్రిస్క్రిప్షన్ మీద "ఇంప్లాంట్ డిస్‌ప్లేస్డ్ వ్యూస్" అని ఉంటుంది. రెండూ ఒకటే.

ఎలా చేస్తామో చెప్తాను, ముందే తెలిస్తే మీకు భయం సగం తగ్గుతుంది. దిండు గలీబు తొడిగి ఉన్న దిండుని ఊహించుకోండి. దిండుని లోపలికి, వెనక్కి తోస్తూ గలీబు అంచుని రెండు వేళ్లతో ముందుకి లాగితే, ఖాళీ బట్ట మాత్రమే చేతిలోకి వస్తుంది కదా. సరిగ్గా అదే. మిమ్మల్ని మెషీన్ ముందు నిలబెట్టి నడుము దగ్గర కొద్దిగా ముందుకి వంగమంటాం. వంగినప్పుడు కండ ముందుకి జారుతుంది. నా వేళ్లతో ఇంప్లాంట్ అంచు ఎక్కడుందో తడిమి చూసుకుంటాను. దాన్ని మెల్లగా వెనక్కీ పైకీ ఒత్తుతూ, ముందున్న కండని ప్లేటు మీదకి తెస్తాను. కాలితో పెడల్ తొక్కితే పై ప్లేటు దిగుతుంది. ప్లేటు కండని పట్టుకునేదాకా నా చేయి అక్కడే ఉంటుంది. పట్టుకోగానే మెల్లగా వేళ్లు తీసేస్తాను. ఆ క్షణంలో ఇంప్లాంట్ రెండు ప్లేట్లకీ వెనక, మీ పక్కటెముకల వైపు భద్రంగా ఉంటుంది. దాని మీద నొక్కుడు పడదు. నొక్కుడు పడేది మీ కండ మీదే. ఊపిరి బిగపట్టమంటాం, కొన్ని క్షణాలు, అయిపోతుంది.

ఇంప్లాంట్‌తో సహా తీసే ఫొటోలు కూడా ఉంటాయి. వెనక భాగం, చంక వైపు కండ వాటిలోనే కనబడుతుంది కాబట్టి వాటినీ వదలకూడదు. వాటికి మాత్రం గట్టిగా నొక్కం. కదలకుండా పట్టుకుంటే చాలు. మామూలుగా ఒక్కో రొమ్ముకి రెండేసి చొప్పున నాలుగు ఫొటోలు తీస్తాం. మీకు ఎనిమిది అవుతాయి. సమయం రెట్టింపు పడుతుంది, రేడియేషన్ కూడా ఇంచుమించు రెట్టింపే. అంతా కలిపినా భయపడేంత కాదు. నాలుగు ఫొటోల మామోగ్రామ్ రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్ట్. మనం ఊరికే ఇంట్లో కూర్చున్నా ప్రకృతి నుంచి ఏడు వారాల్లో పడేది అంతే ఉంటుంది.

ఈ పద్ధతి ఎందుకంత ముఖ్యమో నాకు ఒక తప్పు నేర్పింది. చేరిన కొత్తల్లో ఒక చిన్న సెంటర్‌లో పని చేసేదాన్ని. ఎక్లండ్ పేరు పుస్తకంలో చదివాను గానీ, చేతితో చేసి చూపించినవాళ్లు లేరు. 50కి దగ్గరపడిన ఒకావిడ వచ్చారు. ఫారంలో ఇంప్లాంట్ల సంగతి రాయలేదు. నేనూ అడగలేదు. మొదటి ఫొటో తెర మీద పడగానే ఆ తెల్లటి గుడ్డు చూసి నా చేతులు వణికాయి. ఏదైనా అయితే నా మీదకి వస్తుందని, మిగతా మూడూ వదులుగా పట్టి తీసి పంపేశాను. రిపోర్టు నార్మల్ అని వెళ్లింది. మరుసటి ఏడు ఆవిడ వేరే చోట చేయించుకున్నారు. అక్కడ ఇంప్లాంట్‌ని వెనక్కి తోసి తీసిన ఫొటోలో, కుడి రొమ్ములో సన్న ఉప్పు చల్లినట్టు సున్నపు చుక్కల గుంపు కనబడింది. ముక్క పరీక్షలో, అంటే బయాప్సీలో, డీసీఐఎస్ అని వచ్చింది. అంటే పాలనాళాలు దాటి బయటికి రాని తొలి దశ. ఆపరేషన్ అయింది, కోలుకున్నారు. ఆ సీడీ పట్టుకుని ఆవిడ నా దగ్గరికే వచ్చారు. తిట్టలేదు. "నా తర్వాత వచ్చేవాళ్లకైనా ఇట్ల చెయ్యమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత సెలవు పెట్టి మరీ ఒక సీనియర్ దగ్గర నిలబడి నేర్చుకున్నాను. అప్పటి నుంచి, గదిలోకి వచ్చిన ప్రతి స్త్రీనీ, వయసెంతైనా, ఎలా కనబడినా, తలుపు వేశాక మెల్లగా ఒకటే అడుగుతాను: "రొమ్ముకి ఎప్పుడైనా ఏదైనా ఆపరేషన్ అయిందా అమ్మా?"

ఆవిడకి దొరికిన ఆ సున్నపు చుక్కలే మీ మొదటి ప్రశ్నకి జవాబు. స్కానింగ్‌లో గడ్డలు బాగా కనబడతాయి. నీటి తిత్తా, గట్టి గడ్డా అన్నది మామోగ్రామ్ కంటే అదే బాగా చెప్తుంది. ఇంప్లాంట్ దానికి అంత అడ్డం కాదు కూడా. కానీ ఆ సన్నటి సున్నపు చుక్కలు స్కానింగ్‌లో చాలాసార్లు దొరకవు. తొలి దశ క్యాన్సర్ చాలామందిలో బయటపడేది ఆ చుక్కల రూపంలోనే. అందుకే స్కానింగ్ మామోగ్రామ్‌కి తోడు, బదులు కాదు. కండ చిక్కగా ఉన్నవాళ్లకి, ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకుపోయి వెనక్కి జరగనివాళ్లకి మేమే అడిగి రెండూ చేయిస్తాం.

బిగుసుకుపోవడం గురించి ఒక మాట. ఇంప్లాంట్ పెట్టాక దాని చుట్టూ శరీరం ఒక పలచని పొర అల్లుకుంటుంది. కొందరిలో ఆ పొర గట్టిపడి ఇంప్లాంట్‌ని పిండినట్టు పట్టేస్తుంది. రొమ్ము రాయిలా తగులుతుంది, ఒక్కోసారి నొప్పి, ఒక్కోసారి ఆకారం మారుతుంది. అలాంటివాళ్లకి ఎక్లండ్ వ్యూస్ ఎంత ప్రయత్నించినా పూర్తిగా రావు. బలవంతం చేయకూడదు. అప్పుడు పక్క నుంచి అదనంగా ఒక ఫొటో తీసి, స్కానింగ్ జోడిస్తాం. మీ ఇంప్లాంట్లు ఛాతీ కండరం కింద పెట్టారా, రొమ్ము కండకీ ఛాతీ కండరానికీ మధ్య పెట్టారా అన్నది కూడా తేడా చేస్తుంది. కండరం కింద ఉంటే వెనక్కి తోయడం తేలిక, ముందు కండ ఎక్కువ కనబడుతుంది. మీ ఆపరేషన్ కాగితాల్లో అది రాసి ఉంటుంది, వెతకండి. అవి లేకపోతే ఇంప్లాంట్ కార్డు చూడండి. దాని మీద కంపెనీ, రకం, సైజు, సీరియల్ నంబరు ఉంటాయి. అది కూడా పోయి ఉంటే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గర రికార్డు అడిగి తీసుకోండి. ఇప్పుడు కాకపోయినా పదేళ్ల తర్వాతైనా అది కావాల్సివస్తుంది.

ఇక పగిలిపోతాయన్న భయం. అసలే జరగదని అనను. అలాంటి సంఘటనలు అమెరికాలో మందులని, వైద్య పరికరాలని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చాయి. కానీ అరుదు. నా చేతి కింద ఇన్నేళ్లలో ఒక్కటి కూడా జరగలేదు. పాతబడిన ఇంప్లాంట్లలో కొన్ని ఏ మెషీనూ తాకకుండానే లోలోపల చిట్లి ఉంటాయి. చిట్లిన సిలికాన్ పొర లోపలే ఉండిపోవడం వల్ల మనిషికి తెలియదు. మామోగ్రామ్‌లోనూ తెలియదు. తర్వాత ఎప్పుడో బయటపడితే, "ఆ రోజు నొక్కారు కదా, అందుకే" అని మామోగ్రామ్ మీదకి వెళ్తుంది. కొన్నిచోట్ల ముందుగా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అది చూసి జంకకండి. చదివి, అడగాల్సింది అడిగి, పెట్టండి.

ఎమ్మారై దగ్గరికి వస్తే, నేను రోజూ చూసే పొరపాటు ఒకటుంది. ఇంప్లాంట్ చిట్లిందా అని చూసే ఎమ్మారై వేరు, క్యాన్సర్ ఉందా అని చూసే ఎమ్మారై వేరు. మొదటిదానికి రక్తనాళంలోకి మందు ఎక్కించరు. రెండోదానికి గడోలినియం అనే మందు ఎక్కించి తీరాలి, ఆ మందు వల్లే గడ్డ మెరిసి కనబడుతుంది. మందు లేకుండా తీసిన ఎమ్మారై రిపోర్టు తెచ్చి, "మొన్ననే ఎమ్మారై నార్మల్ వచ్చింది, ఇక మామోగ్రామ్ ఎందుకు" అనేవాళ్లు ఏటా కనబడతారు. వాళ్ల ఇంప్లాంట్ నార్మల్, రొమ్ముని ఎవరూ చూడలేదు. మీరు ఎప్పుడు ఎమ్మారైకి వెళ్లినా ఆ ఒక్క ప్రశ్న వేయండి, ఇది దేనికోసం, మందుతోనా మందు లేకుండానా అని.

చిట్లడం సంగతి కూడా మీకు ఇప్పుడు చూడాల్సిన సమయమే. సిలికాన్ ఇంప్లాంట్లు ఉన్నవాళ్లు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆపరేషన్ అయిన 5, 6 ఏళ్లకి ఒకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకుని, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి చూపించుకోమని ఎఫ్‌డీఏ 2020లో సూచించింది. మీకు 11 ఏళ్లయింది. మొన్న చేసిన స్కానింగ్‌లో ఇంప్లాంట్ల గురించి ఏమైనా రాశారో లేదో రిపోర్టు తీసి చూడండి. రెండు వాక్యాలు కూడా లేకపోతే, మామోగ్రామ్‌తో పాటు మళ్లీ చేసే స్కానింగ్‌లో అవీ చూడమని ముందే చెప్పండి.

క్యాన్సర్ కోసం ఏటా ఎమ్మారై కావాలా అన్నది మీ కుటుంబాన్ని బట్టి ఉంటుంది, ఇంప్లాంట్‌ని బట్టి కాదు. పిన్నిగారికి 58 ఏళ్లకి వచ్చింది, ఇంకెవరికీ లేదు అంటే, ఆ ఒక్క కారణంతో మీకు ఏటా ఎమ్మారై రాయరు. కానీ అమ్మగారి వైపూ, నాన్నగారి వైపూ కూడా గుర్తు తెచ్చుకోండి. నాన్న వైపు లెక్కలోకి రాదని మనవాళ్లలో ఒక అపోహ ఉంది, అది తప్పు. మేనత్తకి వచ్చినా అంతే లెక్క. 50 లోపు ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా ఉందా, మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా. అమ్మమ్మ "కడుపులో గడ్డతో" పోయిందని ఇంట్లో అనుకుంటారు చూడండి, అది ఏ గడ్డో పెద్దవాళ్లని అడగండి. వీటిలో ఏదైనా ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లండి. బీఆర్‌సీఏ లాంటి జన్యువుల్లో మార్పు తేలినవాళ్లకి మాత్రం ఎమ్మారై ఏటా తప్పనిసరే. పిన్నిగారికి ఆ జన్యు పరీక్ష చేశారేమో ముందు కనుక్కోండి, మీ పని సగం తేలికవుతుంది.

మామోగ్రామ్ ఎన్నాళ్లకోసారి అని మీరు అడగలేదు గానీ చెప్తాను. ఇంప్లాంట్లు ఉన్నా లేకపోయినా లెక్క ఒకటే. అమెరికన్ రేడియాలజిస్టుల సంఘం 40 నుంచి ఏటా చేయించుకోమంటుంది. అక్కడి ప్రభుత్వ నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి అని చెప్పింది. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్లవాళ్లకి ఐదేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్త చేత్తో చేసే పరీక్షే ఉంది. ఆ చేతి పరీక్షని చిన్నచూపు చూడకండి. ముంబయిలో టాటా మెమోరియల్‌వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీలని 20 ఏళ్లు గమనించారు. రెండేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో చూడటం వల్లే, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 30 శాతం దాకా తగ్గాయని 2021లో ప్రచురించారు. మీకు ఆ పరీక్షా కావాలి, మామోగ్రామూ కావాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నేను ఇంకాస్త గట్టిగా చెప్తాను. దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల 2012-16 లెక్కల్లో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువ నమోదైంది మన హైదరాబాద్ జిల్లాలోనే, లక్ష మంది స్త్రీలకి 48.

ఇంప్లాంట్లు తీయించేసుకోవాలా? క్యాన్సర్ పరీక్ష తేలికవుతుందని మాత్రమే అయితే, నేను వద్దంటాను. తీశాక మచ్చలు, మెలికపడ్డ కండ, అక్కడక్కడా సున్నం మిగులుతాయి. అవి ఫొటోలో వేరే చిక్కులు తెస్తాయి. నొప్పి ఉంటే, చిట్లితే, మీకే వద్దనిపిస్తే అది వేరే సంగతి, సర్జన్‌తో మాట్లాడాలి.

ఒక్క విషయంలో మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ఇంప్లాంట్ చుట్టూ ఉండే పొరలో అరుదుగా ఒక రకం లింఫోమా వస్తుంది. అది రొమ్ము కండకి వచ్చే క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాలకి వచ్చేది. ఇది ఎక్కువగా గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లతో ముడిపడి ఉంది. 2011లో ఎఫ్‌డీఏ మొదటిసారి హెచ్చరించింది. 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. మీ ఆపరేషన్ అంతకుముందే అయింది కాబట్టి కార్డు మీద రకం చూసుకోండి. గరుకువే అయినా, ఏ లక్షణమూ లేకపోతే తీయించుకోనక్కర్లేదనే ఎఫ్‌డీఏ చెప్పింది. లక్షణం ఏమిటంటే, ఆపరేషన్ అయిన చాలా ఏళ్లకి, తరచుగా 8, 10 ఏళ్లకి, ఒక వైపు రొమ్ము ఉన్నట్టుండి నీరు చేరి ఉబ్బడం. గడ్డ తగలడం, చంకలో బిళ్లలు కట్టడం కూడా ఉండొచ్చు. "వేడి చేసింది" అనుకుని రెండు వారాలు మజ్జిగ తాగి ఊరుకోకూడదు. వెంటనే చూపించుకుంటే సూదితో ఆ నీరు తీసి పరీక్షకి పంపుతారు. ఆ నీటికి సీడీ30 పరీక్ష, అంటే ఈ లింఫోమా కణాలని గుర్తుపట్టే పరీక్ష, చేయమని అడగాలి. తొలి దశలో దొరికితే ఇంప్లాంట్‌నీ పొరనీ తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది.

ఇంట్లో మీరే చూసుకోవడానికి ముందు ఒకసారి డాక్టర్ చేత మీ ఇంప్లాంట్ అంచులు ఎక్కడున్నాయో, మడతలు ఎక్కడ తగులుతున్నాయో మీ వేలికే చూపించుకోండి. చాలామంది ఆ మడతనే గడ్డ అనుకుని హడలిపోతారు. కొందరు గడ్డనే మడత అనుకుని ఏడాది గడిపేస్తారు. మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో మీ చేతికి తెలిస్తే, మారిన రోజు తెలుస్తుంది. ఇంప్లాంట్ వెనక నుంచి నెడుతుంది కాబట్టి ముందున్న కండలో గడ్డ ఒక్కోసారి చేతికి తొందరగానే తగులుతుంది.

క్యాన్సర్‌కి ఒక రొమ్ము తీసేసి ఆ స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు. అటువైపు రొమ్ము కండ ఉండదు కాబట్టి మామూలుగా మామోగ్రామ్ అవసరం ఉండదు, డాక్టర్ చేత్తో చూస్తారు. రెండో రొమ్ముకి మాత్రం ఏటా తప్పకూడదు. "ఒకటి పోయింది, ఇంకేముంది" అని ఆపేసినవాళ్లని చూశాను. దయచేసి ఆపకండి.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది. రొమ్ము పరీక్షలే ప్రత్యేకంగా చేసే విభాగం ఉన్న చోటు చూసుకోండి. మన ఊళ్లో రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది, ప్రైవేటులో రొమ్ము జబ్బులకే పెట్టిన కేంద్రాలూ ఉన్నాయి. ఎక్కడైనా వెళ్లే ముందు ఫోన్ చేయండి. రిసెప్షన్‌లో అమ్మాయికి తెలియకపోవచ్చు, "మామోగ్రఫీ టెక్నీషియన్‌కి ఇవ్వండి" అనండి. "ఇంప్లాంట్లు ఉన్నాయి, ఎక్లండ్ వ్యూస్ చేస్తారా, మొన్న ఎప్పుడు చేశారు?" అని అడగండి. తడబడకుండా జవాబు వస్తే వెళ్లండి. "వస్తే చూద్దాం మేడం" అంటే ఇంకో చోటికి ఫోన్ చేయండి. త్రీడీ మామోగ్రామ్, అంటే టోమోసింథసిస్ ఉంటే మంచిదే. కానీ పాత డిజిటల్ మెషీన్ మీద చేయి తిరిగిన మనిషి, కొత్త త్రీడీ మెషీన్ మీద చేతకాని మనిషి అని రెండే దారులుంటే నేను మొదటిదే ఎంచుకుంటాను.

ఇంక అత్తగారింటి సంగతి. మీరు మొహమాటపడి మా దగ్గర దాచినా ఫొటో దాచదు. మొదటి ఫొటోలోనే కనబడుతుంది. దాచడం వల్ల జరిగేది ఒకటే, తెలియని చేయి మామూలుగా నొక్కేస్తుంది, లేదా ఒకప్పుడు నేను చేసినట్టు భయపడి వదులుగా తీసి పంపేస్తుంది. నాకు చెప్పండి, గదిలో నాకు ఒక్కదానికే చెప్పండి, చాలు. కౌంటర్ దగ్గర అత్తగారు పక్కన కూర్చుని ఉండగా ఫారం నింపాల్సివస్తే ఆ గడి ఖాళీగా వదిలేసి లోపలికి వచ్చాక చెప్పినా ఫరవాలేదు. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి అరచేతిలో పెన్నుతో "ఇంప్లాంట్" అని రాసుకొచ్చి, తలుపు వేశాక చేయి తెరిచి చూపించింది. నేను తల ఊపాను, ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు, ఎనిమిది ఫొటోలూ చక్కగా వచ్చాయి.

రిపోర్టులో మాత్రం ఇంప్లాంట్ల మాట ఉంటుంది. ఉండాలి కూడా, లేకపోతే వచ్చే ఏడు చూసే డాక్టర్‌కి పోలిక దొరకదు. దాన్ని తీసేయమని అడగకండి. కానీ ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో మీరు చెప్పొచ్చు. "రిపోర్టు నాకే ఇవ్వండి, వాట్సాప్‌లో ఇంటి నంబరుకి పంపకండి, వేరెవరు వచ్చినా ఇవ్వకండి" అని ఫోన్ నంబరు రాసే దగ్గరే చెప్పండి. అది మీ హక్కు, ఎవరూ కారణం అడగరు. మీవారికి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలిస్తే ఆయన్ని వెంటబెట్టుకుని రండి, బయట మన మనిషి ఒకరు కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది. తెలియకపోతే స్నేహితురాలు చాలు.

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె వేస్తారు. సున్నా వస్తే క్యాన్సర్ అని కాదు, ఇంకో ఫొటోనో స్కానింగో కావాలని. ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి సున్నా రావడం మామూలే, మళ్లీ పిలిస్తే కాళ్లు చల్లబడాల్సిన పని లేదు. 3 వస్తే ఆరు నెలలకి మళ్లీ చూడాలి. 4 గానీ 5 గానీ వస్తే ముక్క పరీక్ష. ఇంప్లాంట్ ఉన్నా ముక్క తీయొచ్చు, స్కానింగ్‌లో చూస్తూ సూదిని ఇంప్లాంట్‌కి తగలకుండా పక్క నుంచి పోనిస్తారు.

తేదీ ఖాయం చేసుకునేటప్పుడు, నెలసరి వస్తున్నట్టయితే అది మొదలైన వారం తర్వాత రోజు అడగండి, అప్పుడు రొమ్ములు అంత సలపవు. ఎనిమిది ఫొటోలు ఉంటాయని ముందే చెప్పండి, మీకు రెండు స్లాట్ల సమయం రాస్తారు. ఆ రోజు స్నానం చేశాక చంకల్లో పౌడరు, సెంటు, డియోడరెంట్ ఏవీ రాసుకోకండి. వాటి రేణువులు ఫొటోలో అచ్చం ఆ సున్నపు చుక్కల్లాగే పడతాయి. చుడీదార్ వేసుకోండి, చీరైనా సరే, ఒంటిముక్క గౌను మాత్రం వద్దు. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేకపోతే తీయక్కర్లేదు, వెనక్కి వేసి చిన్న గుడ్డతో కట్టేస్తాం. దానికి తగిలించుకున్న పిన్నీసులు మాత్రం ఇంట్లోనే తీసి రండి. పాత మామోగ్రామ్ ఏదైనా ఉంటే ఆ సీడీ, మొన్నటి స్కానింగ్ రిపోర్టు, ఇంప్లాంట్ కార్డు ఒకే కవర్లో పెట్టుకుని తెచ్చుకోండి.